ఒక వీధి తన ఆరోగ్యాన్ని తానే కాపాడుకునే పద్ధతి

విజయవాడలోగాని, గుంటూరులోగాని ఒక ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా ఆ ఇంటివారి ఆరోగ్యం పూర్తిగా వారి చేతిలో ఉండదు. పక్కింటి మేడ మీద మూతలేని ట్యాంకులో పుట్టిన దోమకు మన ప్రహరీగోడ అడ్డం రాదు. వీధి మొదట్లో పగిలిన గొట్టంలోకి చొరబడిన మురుగు వీధి చివరి ఇంటి బిందెలో తేలుతుంది. అందువల్ల రోగ నివారణను ఇంటి లెక్కన కాకుండా వీధి లెక్కన చేసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇరవై ముప్ఫై ఇళ్ళున్న ఒక వీధి, లేదా ఒక అపార్ట్‌మెంటు, వారానికి ఒక గంట కేటాయించుకుంటే ఏమేమి చేయవచ్చో, వాటిని ఏ క్రమంలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. విజయవాడ సత్యనారాయణపురంలోని మా వీధిలో కొన్నేళ్ళుగా ఆచరిస్తూ, జరిగిన పొరపాట్లను దిద్దుకుంటూ వచ్చిన పద్ధతి ఇది.

ముందుగా ఒక పుస్తకం, ఒక పటం

పని మొదలుపెట్టడానికి సంఘాలు, బ్యానర్లు అక్కరలేదు, ముగ్గురు మనుషులు చాలు. పగటిపూట ఇంటిపట్టున ఉండే పెద్దవారు ఒకరు, మేడ మెట్లెక్కి ట్యాంకులోకి తొంగిచూసే ఓపిక ఉన్నవారు ఒకరు, వార్డు సచివాలయానికి వెళ్ళి సంకోచం లేకుండా మాట్లాడగలవారు ఒకరు ఉంటే సరిపోతుంది. ఈ ముగ్గురిలో ఒకరైనా తెల్లవారుజామున లేచి నీళ్ళు పట్టే గృహిణి అయి ఉండాలి. నీటి రంగు మారిందన్నా, వాసన తేడాగా ఉందన్నా అందరికంటే ముందు తెలిసేది ఆమెకే. అయినా ఆ సంగతి ఆమెను అడిగి రాసుకునేవారు ఉండరు.

ఆ తరువాత పొడవాటి రూళ్ళ పుస్తకం ఒకటి కొని, మొదటి పేజీలో వీధి పటం గీయాలి. ఇళ్ళను డోరు నంబర్లతో గుర్తించి, మంచినీటి గొట్టం ఎటునుంచి వచ్చి ఏయే ఇళ్ళకు చీలుతున్నదో నీలిరంగు గీతతోను, సైడు కాలువ, భూగర్భ డ్రైనేజీ, మ్యాన్‌హోళ్ళు ఉన్న తావులను నల్లరంగు గీతతోను చూపాలి. నీలి గీత నల్ల గీతను దాటే ప్రతిచోటా ఎర్ర చుక్క పెట్టాలి. మన పాత వీధుల్లో ఇళ్ళ కనెక్షను గొట్టాలు సైడు కాలువ అడుగునుంచో, కొన్నిచోట్ల ఏకంగా కాలువలోనుంచో వెళుతుంటాయి కనుక ఎర్ర చుక్కలు మీరు అనుకున్నదానికంటే ఎక్కువే తేలతాయి. గొట్టం ఏ దారిన వెళుతున్నదో తెలియనప్పుడు, మీ వీధికి నీళ్ళు వదలడానికి వాల్వు తిప్పే వ్యక్తిని అడగాలి. ఏ కాగితంలోనూ దొరకని వివరాలు ఆయనకు కంఠతా వచ్చి ఉంటాయి.

పుస్తకంలో రెండో భాగం జబ్బుల నమోదు కోసం. తేదీ, డోరు నంబరు, వయసు, బాధ ఏమిటి, ఎప్పుడు మొదలైంది, తాగే నీరు ఎక్కడిది అనేంతవరకే రాయాలి. పేర్లు రాయకూడదు. జ్వరం, విరేచనాలు, వాంతులు, పచ్చకామెర్లు తప్ప మరే జబ్బు వివరమూ అందులోకి రాకూడదు. క్షయ, హెచ్‌ఐవీ వంటివి రోగికీ వైద్యుడికీ మధ్య ఉండవలసిన విషయాలు. పుస్తకం మీద నమ్మకం ఒకసారి పోయిందంటే, ఆ తరువాత మామూలు జ్వరం సంగతి కూడా ఎవరూ చెప్పరు.

మంచినీరు మన వీధిలోకి వచ్చాకే పాడవుతుంది

విజయవాడలో విద్యాధరపురం హెడ్‌వాటర్ వర్క్స్‌లోను, గుంటూరు కోసం తక్కెళ్ళపాడులోను కృష్ణ నీటిని వడకట్టి, క్లోరిన్ కలిపి పంపిస్తారు. అక్కడ బాగానే బయలుదేరిన నీరు కూడా మన వీధికి వచ్చేసరికి చెడిపోవచ్చు. దానికి కారణం తెలుసుకుంటే నివారణ సులువవుతుంది. మనకు కుళాయి రోజంతా రాదు, పూటకు కొంతసేపే వస్తుంది. నీరు కట్టివేయగానే గొట్టం ఖాళీ అవుతూ, లోపల ఒత్తిడి తగ్గి, పగులు ఉన్నచోట చుట్టూ ఉన్న తడిని లోపలికి పీల్చుకుంటుంది. పగులు కాలువ పక్కన ఉంటే అది పీల్చుకునేది మురుగునే. తిరిగి నీరు వదిలినప్పుడు మొదటి కొద్ది నిమిషాలు కుళాయిలోంచి వచ్చేది ఈ కలుషితమైన నీరే. కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించి లాగే ఇల్లు వీధిలో ఒక్కటి ఉన్నా గొట్టంలో ఒత్తిడి ఇంకా పడిపోయి, మురుగు చొరబడే ప్రమాదం అందరికీ పెరుగుతుంది. దీన్ని చాలామంది నీటి పంపకంలో జరిగే అన్యాయంగా మాత్రమే చూస్తారు. నా దృష్టిలో అది పొరుగింటి పసిపిల్లల ప్రాణాలకు సంబంధించిన విషయం.

2018 మార్చిలో గుంటూరు పాతపట్టణంలో, ఆనందపేట పరిసరాల్లో, తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్తలు చదివిన తరువాతే మా వీధిలో మేము పటం గీయడం మొదలుపెట్టాము. ఆ తరువాత వచ్చిన మొదటి వర్షాకాలంలో, ఆరు రోజుల వ్యవధిలో అయిదు ఇళ్ళనుంచి విరేచనాల సంగతి పుస్తకంలోకి ఎక్కింది. బయట తిన్నందువల్ల అని ఒకరు, ఎండలో తిరిగినందువల్ల అని మరొకరు, పాపకు పళ్ళు వస్తున్నాయని ఇంకొకరు, ఇలా ఎవరికి వారు ఒక కారణం చెప్పుకొని సరిపెట్టుకున్నారు. పటం మీద చుక్కలు పెట్టి చూస్తే అయిదు ఇళ్ళూ వీధికి ఒకే వైపున, ఒకే చీలిక గొట్టం మీద ఉన్నాయి. నోటిమాటగా రెండుసార్లు చెప్పినా ఎవరూ రాలేదు. మూడోసారి పటం నకలు జతపరచి రాతపూర్వకంగా ఇచ్చాము. మర్నాడు సిబ్బంది వచ్చి కాలువ మీది పలకలు లేపితే, తుప్పుపట్టి చిల్లులు పడిన ఇనుప గొట్టం మురుగులో మునిగి కనిపించింది. అయిదు ఇళ్ళ సంగతి అయిదు చోట్ల ఉండిపోయి ఉంటే ఆ గొట్టం ఇంకెన్నాళ్ళు అలాగే ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఇక చేయవలసిన పనులు చెబుతాను. కుళాయి రాగానే మొదటి నాలుగైదు నిమిషాల నీటిని మొక్కలకో, వాకిలి కడగడానికో వాడి, తరువాతి నీటినే తాగడానికి పట్టుకోవాలి. మోటారు కావలసినవారు నీటిని దాని ఒత్తిడితోనే సంపులోకి రానిచ్చి, సంపునుంచి పైకి ఎక్కించుకోవాలి. సంపు మూత నేల మట్టానికి అర అడుగైనా ఎత్తున ఉండాలి, లేకపోతే వాన నీరు, వాకిలి కడిగిన నీరు అందులోకే దిగుతాయి. పటంలోని ఎర్ర చుక్కల వద్ద నెలకొకసారి నిలబడి, కుళాయి రాని వేళల్లో కూడా తడి ఊరుతున్నదేమో చూడాలి.

నీటిలో క్లోరిన్ ఉన్నదీ లేనిదీ కంటికి తెలియదు. దానికి ఓటీ పరీక్ష అని తేలికైన పద్ధతి ఉంది. పరీక్ష పెట్టెలోని చిన్న గాజు గొట్టంలో గీత వరకు నీరు పోసి, ఆర్థోటాలిడిన్ ద్రావణం చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్న నీరు పసుపురంగుకు తిరుగుతుంది. ఆ రంగును పెట్టెలోని రంగుల పట్టీతో వెంటనే పోల్చి చూడాలి. ఆలస్యం చేస్తే రంగు ముదిరి లెక్క తప్పుతుంది. నమూనాను గొట్టం చివరన ఉన్న ఇంటి కుళాయినుంచి తీసుకోవాలి, ఎందుకంటే అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే దారి పొడవునా నీరు భద్రంగా ఉన్నదని అనుకోవచ్చు. చుట్టుపక్కల అతిసారం ఉన్న రోజుల్లో ఇది 0.5 వరకు ఉండటం మంచిది. పరీక్ష చేసిన నీటిని పారబోసి చేతులు కడుక్కోవాలి, ఆ ద్రావణాన్ని పిల్లలకు అందకుండా ఉంచాలి. నిన్నటిదాకా పసుపురంగు చూపిన కుళాయి ఈరోజు చూపలేదంటే, క్లోరిన్ కలపడం ఆగిందని గాని, దారిలో మురుగు కలిసి క్లోరిన్‌ను తినేసిందని గాని అర్థం. రెండింటిలో ఏది జరిగినా ఆ పూటే తెలియజేయాలి.

సంపునో, ఉమ్మడి ట్యాంకునో మనమే శుద్ధి చేసుకోవలసి వస్తే బ్లీచింగ్ పొడి వాడవచ్చు. మంచి పొడిలో దాదాపు 33 శాతం క్లోరిన్ ఉంటుంది, మామూలు రోజుల్లో 1000 లీటర్లకు 2.5 గ్రాములు సరిపోతుంది. ఉదాహరణకు రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల నీటి లోతు ఉన్న సంపులో 4500 లీటర్లు పడతాయి, దానికి 11 గ్రాముల పొడి చాలు. పొడిని నేరుగా సంపులో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్లో కొద్దినీటితో ముద్దలా కలిపి, తరువాత ముప్పావు బకెట్టు వరకు నీరు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీటిని మాత్రమే సంపులో పోసి, గంట గడిచాక ఓటీ పరీక్ష చేసి వాడుకోవాలి. గుండ్రటి బావి అయితే వ్యాసాన్ని మీటర్లలో కొలిచి, ఆ అంకెను దానితోనే గుణించి, నీటి లోతుతోను, 785తోను గుణిస్తే లీటర్ల లెక్క వస్తుంది. మూత తీసి నెలల తరబడి ఉంచిన పొడికి బలం ఉండదు. దుకాణంలో గోనె సంచిలోనుంచి విడిగా తూచి ఇచ్చే పొడిని కొనకపోవడమే మేలు.

నీరు బురదగా ఉంటే క్లోరిన్ సరిగా పనిచేయదు. మన పల్లెల్లో చిల్లగింజను అరగదీసి ఆ గంధం కడవలో కలిపితే బురద అడుక్కి దిగి నీరు తేటబడటం పెద్దలకు బాగా తెలిసిన విద్య, పటిక కూడా ఆ పనే చేస్తుంది. అయితే తేటబడిన నీరు తాగదగిన నీరని భ్రమపడకూడదు. తేర్చిన తరువాత క్లోరిన్ వేయాలి, లేదా సలసల మరిగేదాకా కాచాలి. కాచి చల్లార్చిన నీటిని మూత ఉన్న బిందెలో ఉంచి, పొడవాటి కాడ ఉన్న గరిటెతో తీసుకోవాలి. గ్లాసుతో పాటు వేళ్ళు కూడా నీటిలో మునిగితే కాచిన శ్రమంతా వ్యర్థమే. ఇరవై లీటర్ల క్యాన్లలో వచ్చే నీటి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ నీటిలో చాలాసార్లు క్లోరిన్ మిగిలి ఉండదు గనుక, క్యాను లోపల పాచి పట్టినా, కుళాయి మూతి మురికిగా ఉన్నా నీరు తొందరగా చెడుతుంది. క్యాను లోపలి గోడను వెలుతురులో పెట్టి చూసి మరీ తీసుకోవాలి.

శుక్రవారం చేయవలసిన పని

డెంగీ జ్వరాలు రాగానే అందరి వేళ్ళూ మురుగుకాల్వ వైపు, గుర్రపుడెక్క నిండిన బందరు కాలువ, రైవస్ కాలువల వైపు చూపిస్తాయి. ఇది మన ఊళ్ళో పాతుకుపోయిన పొరపాటు. మురుగులో పుట్టే క్యూలెక్స్ దోమ రాత్రిపూట కుట్టి బోదకాలును మోసుకొస్తుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ, అంటే కాళ్ళ మీద తెల్లచారలున్న చిన్న నల్లదోమ, మన ఇళ్ళలోని తేటనీటిలోనే గుడ్లు పెడుతుంది, పగటిపూట కుడుతుంది, పుట్టిన చోటునుంచి సాధారణంగా వంద రెండువందల మీటర్లు దాటి పోదు. అంటే మన వీధిలో ఒకరికి డెంగీ సోకిందంటే ఆ దోమ పుట్టిన తొట్టి చాలావరకు మన వీధిలోనే ఉంటుంది.

గుడ్డునుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికొకసారి, నీరు నిలిచిన ప్రతి పాత్రనూ ఖాళీ చేస్తే దోమ పుట్టుక మధ్యలోనే తెగిపోతుంది. మన రాష్ట్రంలో శుక్రవారాన్ని డ్రైడేగా పాటించమని చెప్పడంలోని కిటుకు ఇదే. ఒకే రోజున వీధంతా చేయడం ముఖ్యం. పది ఇళ్ళు సోమవారం, పది ఇళ్ళు గురువారం చేస్తే దోమ ఈ ఇంటినుంచి ఆ ఇంటికి మారుతూ బతికిపోతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ దోమ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన పాత్ర గోడకు అతుక్కొని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి చావకుండా ఉండి, మళ్ళీ నీరు తగలగానే పొదుగుతాయి. అందువల్ల నీరు పారబోసి ఊరుకుంటే చాలదు, పాత్ర లోపలి గోడను కొబ్బరి పీచుతోనో బ్రష్షుతోనో గట్టిగా రుద్దాలి.

ఎక్కడెక్కడ వెతకాలో చెబుతాను. విజయవాడ ఎండలకు మార్చినుంచి తిప్పిన కూలర్లు జూన్‌లో వాన పడగానే ఆగిపోతాయి, అడుగున రెండు అంగుళాల నీరు మాత్రం దసరాదాకా అలాగే ఉంటుంది. నా అనుభవంలో వీధిలోని దోమలకు మొదటి నిలయం అదే. ఆ తరువాత స్నానాల గది పక్కన సిమెంటు గోలెం, పెరట్లో వాడకుండా వదిలేసిన రుబ్బురోలు, మేడ మీద పాత టైరు, కొబ్బరిబోండాల బండి వెనుక పడేసిన బోండాలు, పూలకుండీల కింది పళ్ళేలు, ఇల్లు కట్టేచోట నీటి డ్రమ్ములు, తడిపే స్లాబు మీద కట్టిన మడులు చూడాలి. ఫ్రిజ్జు వెనుక నీరు పడే పళ్ళెం ఎవరికీ గుర్తుండదు. మా వీధిలో వరుసగా రెండు జ్వరాలు వచ్చినప్పుడు మేము వీధంతా వెతికి, చివరకు తోకపురుగులను, అంటే నీటిలో ఈదే దోమ లార్వాలను, కనుగొన్నది మా ఇంటి ఫ్రిజ్జు వెనుకనే. ఖాళీ చేయలేని సంపులకు, ట్యాంకులకు దోమ దూరలేనంత బిగువైన మూత, గాలిగొట్టం మూతికి సన్నని వల కట్టాలి. వాడకంలో లేని బావులుంటే మలేరియా విభాగంవారిని తోకపురుగులను తినే గంబూసియా చేపలు వేయమని అడగవచ్చు. వాటిని చెరువుల్లో, కాలువల్లో మాత్రం వదలకూడదు, ఎందుకంటే అవి మన నాటు చేపపిల్లలను తినేస్తాయి.

దోమలు పెరిగాయనగానే పొగ కొట్టించమని అడగడం అందరికీ అలవాటు. ఆ పొగ ఆ గంటలో ఎగురుతున్న దోమలను మాత్రమే చంపుతుంది. గోలెంలోని తోకపురుగులకు దానివల్ల ఏమీ కాదు, మూడో రోజుకు కొత్త దోమలు వస్తాయి. డెంగీ కేసులు తేలిన ఇంటి చుట్టూ పొగ అవసరమే, కాని శుక్రవారం పనికి అది బదులు కాలేదు. మురుగుకాల్వ దోమల విషయంలో మనం చేయగలిగింది నీరు కదిలేటట్లు చూడటం. ప్లాస్టిక్ సంచులు, థర్మాకోలు పళ్ళేలు అడ్డుపడి నీరు నిలిచినచోటు పటం మీద గుర్తుపెట్టి చెప్పాలి. బోదకాలు మాత్రలు పంచేందుకు సిబ్బంది ఇంటికి వచ్చినప్పుడు, ఈ మందు వేయకూడని గర్భిణులు, రెండేళ్ళలోపు పిల్లలు, తీవ్రంగా జబ్బుపడినవారు తప్ప మిగతావారంతా తిన్న తరువాత వారి ఎదుటే వేసుకోవాలి. ఆ మాత్రల్లోని డీఈసీ మందును 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందించినది, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే. ఆ మాత్రను పక్కన పెట్టేవారు కనబడినప్పుడల్లా నేను ఈ సంగతి చెబుతుంటాను.

ఎవరికైనా జబ్బు చేసినప్పుడు

నీళ్ళ విరేచనాల్లో ప్రాణం తీసేది ఒంట్లోని నీరు, లవణాలు పోవడమే. అందువల్ల ప్రతి పది ఇళ్ళకు ఒక ఇంట్లోనైనా ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉండాలి. లీటరు పొట్లం మొత్తాన్ని ఒకేసారి లీటరు శుభ్రమైన నీటిలో కలపాలి. సగం పొట్లాన్ని అంచనాగా గ్లాసులో కలిపి ఇవ్వడం మన ఇళ్ళలో చాలాచోట్ల చూస్తాము, ఉప్పు మోతాదు ఎక్కువైతే పసిపిల్లలకు అది హాని చేస్తుంది. కలిపినదాన్ని 24 గంటల్లో వాడాలి, మిగిలితే పారబోయాలి. పొట్లం దొరకని అర్ధరాత్రి వేళ, లీటరు నీటికి ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు తలకొట్టి వేసి కలిపితే సరిపోతుంది. రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో మెల్లగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ పట్టాలి. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది కూడా.

లంఖణం పరమౌషధమన్న మాటను పట్టుకొని విరేచనాలు అవుతున్న బిడ్డకు అన్నం మాన్పించడం పెద్ద తప్పు. తల్లిపాలు ఆపకూడదు. ఉప్పు వేసిన గంజి, మెత్తటి పెరుగన్నం, అరటిపండు పెట్టవచ్చు. వైద్యుడి సలహాతో జింకు మాత్రలు 14 రోజులు వాడితే విరేచనాలు తొందరగా తగ్గుతాయి, మళ్ళీ వచ్చే అవకాశమూ తగ్గుతుంది. కళ్ళు గుంటలు పడటం, పసిబిడ్డకు మాడు లోతుకు పోవడం, పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, మలంలో రక్తం పడటం కనిపిస్తే ఇంట్లో ఒక్క క్షణం కూడా ఆగకుండా 108కి ఫోను చేయాలి. బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనాలు పెద్దవారికి ఆగకుండా అవుతుంటే కలరా అనుకొని, అదే గంటలో ఆస్పత్రికి, ఆరోగ్య కార్యకర్తకు కూడా తెలియజేయాలి.

జ్వరానికి పారాసెటమాల్ తప్ప, వైద్యుడికి చూపించేలోగా ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వేసుకోరాదు. డెంగీ అయితే అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. డెంగీ అవునో కాదో తేల్చడానికి జ్వరం వచ్చిన మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష, ఆ తరువాత ఐజీఎం పరీక్ష పనికివస్తాయి. జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునే సమయంలోనే డెంగీ ముదురుతుంది కనుక, ఆ రెండు రోజులు రోగిని కనిపెట్టి ఉండాలి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి రక్తం, చేతులు కాళ్ళు చల్లబడటం, మత్తుగా పడి ఉండటం ప్రమాద సూచనలు. ప్లేట్‌లెట్ల అంకెను చూసి భయపడి, బొప్పాయి ఆకు రసం కోసం ఊరంతా తిరిగే సమయాన్ని ఈ సూచనలను గమనించడానికి వినియోగించడం మంచిది.

పుస్తకం నిజంగా ఉపయోగపడేది పచ్చకామెర్ల విషయంలో. కలుషిత నీటివల్ల వచ్చే విరేచనాలు గంటల్లో, రోజుల్లో బయటపడతాయి, కాని అదే నీటివల్ల వచ్చే హెపటైటిస్ ‘ఏ’ (A), ‘ఈ’ (E) రకాల కామెర్లు రెండు వారాలనుంచి రెండు నెలల వరకు లోపలే ఉండి తరువాత కనిపిస్తాయి. జూలైలో నీరు పాడయిన సంగతి ఆగస్టు చివరకు ఎవరికీ గుర్తుండదు, పుస్తకంలో మాత్రం తేదీతో సహా ఉంటుంది. నీరు పాడయిన వీధిలో గర్భిణులు ఉంటే వారి విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త తీసుకోవాలి, ఎందుకంటే హెపటైటిస్ ‘ఈ’ (E) రకం కామెర్లు నెలలు నిండిన స్త్రీలకు ప్రాణాంతకం కావచ్చు. కంట్లో, ముక్కులో పసరు పోయించుకోవడానికి తీసుకెళ్ళి రోజులు పోగొట్టకూడదు.

ఒక వారంలో మూడు ఇళ్ళలో విరేచనాలు, లేదా రెండు ఇళ్ళలో ఒకే తీరు జ్వరం కనిపిస్తే కారణం తేలేదాకా ఆగకుండా వార్డు ఆరోగ్య కార్యదర్శికి చెప్పాలన్నది మేము పెట్టుకున్న నియమం. అప్పుడప్పుడు అది ఉత్త అనుమానంగానే తేలుతుంది. అయినా ఆ నియమాన్ని సడలించలేదు.

వరద తీసిన తరువాత

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. అలాంటి సమయంలో ఇంట్లోకి తిరిగి వెళ్ళేవారు ముందుగా విద్యుత్తు మెయిన్ కట్టివేయించుకొని, మోకాళ్ళ వరకు రబ్బరు బూట్లు, చేతులకు తొడుగులు వేసుకొని దిగాలి. వరద బురదలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది, కాలి పగుళ్ళ ద్వారా అది ఒంట్లోకి చేరి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం తెస్తుంది. బురద ఎత్తిన రెండు వారాలలోపు పిక్కల నొప్పులతో, కళ్ళ ఎరుపుతో జ్వరం వస్తే ఆ పని చేసిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. మునిగిన సంపును పూర్తిగా తోడి, గోడలు రుద్ది కడిగి, మామూలుకంటే ఎక్కువ మోతాదులో బ్లీచింగ్ ద్రావణం పోసి ఒక రాత్రి ఉంచి, ఆ నీటిని పారబోసిన తరువాతే మళ్ళీ నింపుకోవాలి. తడిసిన బియ్యం, పప్పులు ఎండబెట్టి దాచుకోవాలనిపిస్తుంది, కాని మురుగునీటిలో నానిన తిండిగింజలను వదులుకోక తప్పదు.

తక్కినవి

వీధిలోని పసిపిల్లల టీకా కార్డులు ఆర్నెల్లకొకసారి చూడటం చిన్న పనే. మన రాష్ట్రంలో 2016నుంచి 6, 10, 14 వారాల వయసులో ఉచితంగా వేస్తున్న రోటావైరస్ చుక్కలు పసిపిల్లల విరేచనాల్లో ఒక ముఖ్యమైన రకాన్ని అడ్డుకుంటాయి. అద్దె ఇళ్ళు మారేవారి పిల్లలకే ఇవి ఎక్కువగా తప్పిపోతుంటాయి. రెండు వారాలకు మించిన దగ్గుకు కళ్ళె పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. గుంటూరు మిర్చియార్డులో పనిచేసేవారు దగ్గును ఘాటు మీదకు నెట్టి నెలలు గడుపుతారు, వారికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించాలి, కారం, సున్నం పూయకూడదు. వినాయకచవితి పందిళ్ళలో అన్నదానం చేసేవారు వండిన నాలుగు గంటల్లోపు వడ్డన ముగించేటట్లు చూసుకోవాలి. పులిహోర కాస్త ఆగుతుంది గాని, దద్దోజనం సెప్టెంబరు ఉక్కలో మధ్యాహ్నందాకా నిలవదు.

అర్జీ, అప్పగింత

అధికారులకు ఇచ్చే అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఎక్కడ, ఎప్పటినుంచి, ఎన్ని ఇళ్ళకు, క్లోరిన్ పరీక్షలో ఏమి తేలింది అన్న నాలుగు వివరాలు, వెనుక పటం నకలు ఉంటే చాలు. అందినట్లు ముద్ర వేయించుకొని ఆ కాగితాన్ని పుస్తకంలో అంటించాలి. ఆరోపణలు రాయకూడదు, వచ్చి పనిచేసి వెళ్ళిన సిబ్బందికి కృతజ్ఞతలు చెబుతూ ఒక వాక్యం రాసి ఇవ్వడం మాత్రం మరవకూడదు. కాలువలోకి దిగి గొట్టం మార్చే మనిషి ఎంతటి మురికిలో నిలబడుతున్నాడో దగ్గరనుంచి చూసినవారికి అది చెప్పనక్కరలేదు.

పుస్తకం ఏడాదికొకసారి ఇల్లు మారాలి. మా వీధిలో తొలకరికి ముందు, మే నెల చివరి ఆదివారం అప్పగిస్తాము. ఆ రోజున కొత్తగా తీసుకునే ఇంటివారితో కలిసి వీధంతా ఒకసారి నడుస్తూ పటంలోని ఎర్ర చుక్కలన్నీ చూపించి, కొత్తగా కట్టిన ఇళ్ళను, మార్చిన గొట్టాలను చేర్చి, ఓటీ సీసా, ఓఆర్‌ఎస్ పొట్లాల గడువు తేదీలు చూసి, వాల్వు తిప్పే వ్యక్తి ఫోను నంబరు మారలేదు కదా అని అక్కడికక్కడే ఒకసారి ఫోను చేసి నిర్ధారించుకుంటాము.